చూచినవారెందరు? అడిగినవారెందరు?

మన పాఠశాలకు ఫేస్‌బుక్కులో ఒక పేజీ, యూట్యూబులో ఒక చానెలు, వాట్సాపులో తరగతికొక గ్రూపు ఉన్న సంగతి తల్లిదండ్రులెల్లరును ఎరుగుదురు. ఉగాదినాటి పంచాంగ శ్రవణము, బాలల నాటికలు, పద్యపఠన పోటీలు, క్రీడోత్సవము ఇవి యేవియు నేడు పాఠశాల ప్రాంగణముతో ముగియుట లేదు. సాయంకాలమునకే వీడియోలై ఊరూర తిరుగుచున్నవి. క్రిందటి తల్లిదండ్రుల సమావేశమున ఒక పెద్దాయన లేచి, "అయ్యవారూ, మన పిల్లోళ్ళ నాటకం అన్ని వేలమంది చూసినారంటారు గదా. మరి ఒకటో తరగతిలో బెంచీలు ఎందుకు నిండలేదు?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనది. నాలుగు మాటలలో తేలునది కాదు గనుక ఈ సంచికలో కొంత వివరముగా వ్రాయుచున్నాను.

హొసూరు, శూలగిరి, బాగలూరు, వేపనపల్లి ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కాని అధికరణము పిల్లవానిని చేయిపట్టి బడికి తీసికొనిరాదు. ఆ నిర్ణయము తల్లిదండ్రులది. ఈనాడు ఆ నిర్ణయము కొంతవరకైనను చేతిలోని ఫోనులో చూచిన దానినిబట్టి జరుగుచున్నది. పిల్లలు తగ్గిన తెలుగు తరగతికి ఉపాధ్యాయులు తగ్గుదురు. ఉపాధ్యాయులు తగ్గిన తరగతికి మరుసటి యేడు పిల్లలు మరికొంత తగ్గుదురు. ఇందువలననే పేజీలోని అంకెలను సరిగా చదువుట మనకు కాలక్షేపము కాదు.

ఆ అంకెలేమో తెలిసికొనుటకు శ్రీరామనవమి పందిరిలో హరికథ జరుగుచున్నదనుకొందము. వీథివెంట పోవువారి కన్ను పందిరిపై పడును. ఒకే మనిషి నాలుగుమార్లు అటు పోయినచో నాలుగుమార్లు పడును. దీనిని ఫేస్‌బుక్కు, యూట్యూబువారు ఇంప్రెషన్ అందురు. అట్లు పోయినవారిలో వేరువేరు మనుష్యులెందరని లెక్కించినచో అది రీచ్. లోనికి అడుగుపెట్టినవారి లెక్క వ్యూ. ఎంతసేపు కూర్చుండిరన్నది వాచ్ టైము. దాసుగారికి చదివింపులు చదివించినవారు, ప్రక్కవానిని పిలిచి కూర్చుండబెట్టినవారు, కథపై మాటలాడినవారు ఎందరన్నది ఎంగేజ్‌మెంటు. లైకు, షేరు, కామెంటు అన్నియు ఇందులోనివే. మరునాటి ఉదయము దాసుగారి బసకు పోయి, "మా ఊరికెప్పుడు వచ్చెదరు?" అని అడుగువారు కొందరుందురు. వారిని ఏ యంత్రమును తనంతట లెక్కింపదు. పాఠశాలకు కావలసినవారు ముఖ్యముగా వారే.

మనము సమావేశములలో చెప్పుకొని సంతోషించు అంకె తరచుగా మూడవది, అనగా వ్యూ. అన్నిటిలోను తక్కువ నమ్మదగినది కూడ అదియే. అడుగుపెట్టుట యనగా నేమో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగా నిర్ణయించుకొనుచున్నది. ఫేస్‌బుక్కులో మూడు సెకనులు కదలిన వీడియోను చూచినట్లు లెక్కించు పద్ధతి చాలకాలము నడచినది. మూడు సెకనులలో మన ప్రార్థనాగీతమునకు శ్రుతియైనను కుదరదు. యూట్యూబులో షార్ట్స్ అను చిన్న వీడియోలకు 2025 మార్చి 31 నుండి లెక్క మారినది. అంతకుముందు కొంతసేపు చూచిననే వ్యూగా పరిగణించెడివారు. ఆనాటినుండి వీడియో ఆడ మొదలిడిన ప్రతిసారియు, తిరిగి ఆడిన ప్రతిసారియు వ్యూగా చేరుచున్నది. పాత పద్ధతి లెక్కకు 'ఎంగేజ్డ్ వ్యూస్' అని పేరిడి నిర్వాహకులకు వేరుగా చూపుచున్నారు. కావున 2024 నాటి చిన్న వీడియోకును, 2026 నాటి చిన్న వీడియోకును గల అంకెలను ప్రక్కప్రక్కన బెట్టి, "చూచితిరా, మన పేరు రెండింతలైనది" అని చెప్పుట శేరుతో కొలిచిన బియ్యమును పడితో కొలిచిన బియ్యముతో పోల్చినట్లగును.

లెక్క వేయువారును తడబడుదురనుటకు ఒక్క నిదర్శనము. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్కు సంస్థ, వీడియోలను జనులు సగటున చూచిన కాలమును తాము దాదాపు రెండేండ్లపాటు హెచ్చుగా చూపితిమని ఒప్పుకొనెను. చూచిన మొత్తము కాలమును వచ్చినవారందరి సంఖ్యతో భాగింపక, మూడు సెకనులకు మించి చూచినవారి సంఖ్యతో మాత్రమే భాగించుట ఇందులకు కారణము. బడికి రాని పిల్లల పేర్లను పట్టీనుండి కొట్టివేసి మిగిలినవారితో హాజరు శాతము కట్టినచో ఏమగునో అదియే యైనది. ఇనస్పెక్టరు వచ్చిననాడు అట్టి పట్టీని ఏ ఉపాధ్యాయుడును చూపజాలడు.

ఇక శాతముల సంగతి. ఒక ఉదాహరణమును ఊహింతము. పాఠశాల నాటిక వీడియో 4,000 మందికి చేరినది; లైకులు, కామెంట్లు, షేర్లు కలిపి 120. ఒకటవ తరగతి ప్రవేశములను గూర్చిన ప్రకటన 800 మందికే చేరినది, స్పందనలు 80. మొదటిది నూటికి మూడు, రెండవది నూటికి పది. పెద్దదిగా కన్పించిన వీడియోకన్న చిన్న ప్రకటన తన శ్రోతలను ఎక్కువగా కదలించినదని అర్థము. అయితే హారము మిక్కిలి చిన్నదైనప్పుడు ఈ లెక్కను నమ్మరాదు. 20 మందికి చేరిన సందేశమునకు నలుగురు లైకు కొట్టినచో నూటికి ఇరువది వచ్చును. ఆ నలుగురును మన ఉపాధ్యాయులే అయియుండవచ్చును.

లైకుకును షేరుకును ఒకే వెల కట్టుట కూడ నాకు సమ్మతము కాదు. బొటనవ్రేలు తాకించుటకు శ్రమ లేదు. ఒక తల్లి తన చెల్లెలికి ఆ ప్రకటనను పంపినదనగా, తన మాటను పూచీగా నిలిపినదన్నమాట.

యూట్యూబు చానెలు నిర్వాహకులకు మరియొక గీత కన్పించును. వీడియో ఆరంభమునుండి చివరివరకు, ఏ నిమిషమున ఎందరు మిగిలిరో అది చూపును. వార్షికోత్సవ వీడియోల గీతను చూచిన వారికెవరికైనను ఒక సత్యము బోధపడును. పిల్లల నృత్యమువరకు గీత నిలకడగా నుండును. అధ్యక్షోపన్యాసము మొదలుకాగానే లోయలో పడును. ఉపన్యాసకుడు ప్రధానోపాధ్యాయుడే అయినను గీత మొగమాటపడదు! యూట్యూబు సంస్థ కూడ 2012 నుండి వీడియోలను ఇతరులకు సూచించుటలో క్లిక్కుల సంఖ్యకన్న చూచిన కాలమునకే ప్రాధాన్యమిచ్చుచున్నది. కావున ఈ యేడు ఇరువది నిమిషముల వీడియోకు బదులు, పిల్లవాడు బలపము పట్టి అక్షరము దిద్దుట, మూడవ తరగతి బాలిక ఎక్కములను తెలుగులోను తమిళములోను అప్పగించుట, మధ్యాహ్న భోజనపు వరుస మొదలగువానిని రెండేసి నిమిషముల ముక్కలుగా చూపుచున్నాము. తన బిడ్డను పంపదలచిన తల్లి చూడగోరునది సన్మానపు శాలువలను గాదు, తరగతి గదిని.

చూచినవారు ఎచ్చటివారన్నది మరియొక ప్రశ్న. పేజీ నిర్వాహకులకు నగరములవారీగాను, దేశములవారీగాను లెక్క లభించును. మన పిల్లలు పాడిన జానపద గీతమునకు హైదరాబాదు, బెంగుళూరు, విదేశములలోని తెలుగువారు మెచ్చుకోలు పంపవచ్చును. సంతోషమే. సరిహద్దు నావల తెలుగు చదువు సాగుచున్నదని వారికి తెలియుట మంచిదే; వారిలో కొందరు పుస్తకములకో, బల్లలకో సాయపడవచ్చును కూడ. కాని హైదరాబాదునుండి ఎవ్వరును పిల్లవానిని శూలగిరి బస్సెక్కించి మన బడికి పంపరు. వేయి మంది దూరపు వీక్షకులకన్న, పదిమైళ్ళలోపల నున్న నలువదిమంది తల్లులు మనకు ముఖ్యము. ఇద్దరిని ఒకే అంకెలో కలిపి చదివినంతకాలము, సమావేశమున పెద్దాయన అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఆ నలువదిమందిని చేరుటలో మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ఇంట తెలుగు మాటలాడు తల్లిదండ్రులలో అనేకులు తమిళ మాధ్యమమున చదివినవారు. వారికి తెలుగు మాట వచ్చును, తెలుగు లిపి రాదు. అచ్చమైన తెలుగులో, అందమైన అక్షరములతో మనము పెట్టిన ప్రకటన వారి కంటికి బొమ్మవలె కన్పించి దాటిపోవును. ఎవరికై వ్రాసితిమో వారే చదువలేకపోవుటకన్న విచారకరమైనది లేదు. ఇందులకు ఉపాయము కష్టమైనది కాదు. ప్రకటన పాఠమును తెలుగులోను తమిళములోను వ్రాయుట, దానితోపాటు ఒక ఉపాధ్యాయిని గొంతుతో ఇంటి తెలుగులో నిమిషమునకు మించని పలుకును జతచేయుట. ఉపాధ్యాయులారా, గ్రాంథికమునకు ఈ సంచిక చాలును, ఫోనులో "మీ పాపకు ఐదేండ్లు నిండినాయా అమ్మా?" అని అడుగుటయే పద్ధతి.

వాట్సాపులో పేజీవంటి లెక్కలు లేవు. గ్రూపులో తాను పంపిన సందేశమును ఎవరెవరు చదివిరో పంపినవానికి తెలియును. అచ్చటినుండి అది ఎన్ని చేతులు మారినదో తెలియదు. మన తల్లిదండ్రులలో ఎక్కువమంది ఉన్నది మాత్రము అచ్చటనే. లెక్కకు అందనంతమాత్రమున అది జరుగుట లేదనుకొనరాదు. పొలముగట్టున నిలిచి ఒకరితో నొకరు చెప్పుకొను మాటకు ఏనాడును లెక్క లేదు. మన బడి ఇంతకాలము నిలిచినది ఆ మాటమీదనే.

ఇప్పుడు బదులు చెప్పుటను గూర్చి వ్రాయవలెను. నా అభిప్రాయమున అంకెలన్నిటికన్న ఇది పెద్దది. ప్రకటన క్రింద ఒక తల్లి, "బస్సు మా ఊరిదాకా వస్తుందా?" అని వ్రాయును. ఆ ప్రశ్నకు పది దినముల పిమ్మట బదులిచ్చినచో, అప్పటికి పిల్ల మరియొక బడిలో కూర్చుండియుండును. ఏప్రిల్ మొదలు జూన్ వరకు ప్రవేశముల కాలమున నాటి ప్రశ్నకు నాడే బదులు పోవలెనని నియమము పెట్టుకొంటిమి. ఇద్దరు ఉపాధ్యాయులు వంతులవారీగా చూచుచున్నారు. 'ధన్యవాదములు', రెండు చేతుల బొమ్మ ఇవి బదులు కావు. బస్సు ఏ గంటకు, ఏ ప్రదేశమునకు, ఎంత రుసుముతో వచ్చునో చెప్పుట బదులు.

ఎత్తిపొడుపులును వచ్చును. "తెలుగు చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అని ఒకరు వ్రాసినచో దానిని తుడిచివేయవలెనని మన కమిటీలో కొందరి తలంపు. నేను దానికి విరుద్ధుడను. బూతును, వ్యక్తిదూషణను తొలగింపవలసినదే. సందేహమును తొలగింపరాదు, దానిని వ్రాసినది ఒక్కరైనను, మనసులో నుంచుకొన్నవారు పదిమంది. తమిళమును పాఠశాలలలో విధిగా నేర్పవలెనని తమిళనాట 2006లో చట్టము వచ్చిన సంగతి, మన బడిలో తెలుగుతోపాటు తమిళమును ఇంగ్లీషును నేర్పుచున్న సంగతి, మన పూర్వవిద్యార్థులు హొసూరు కర్మాగారములలోను బెంగుళూరు కార్యాలయములలోను పనిచేయుచున్న సంగతి ఆ ప్రశ్న క్రిందనే నెమ్మదిగా వ్రాయవలెను. కోపమున్నవారితో బహిరంగముగా రెండుమార్లకు మించి వాదింపక, ఫోనునంబరిచ్చి కార్యాలయమునకు రమ్మనుట మేలు. పిల్లవాని మార్కులు, నడవడి, ఆరోగ్యము వీనిని గూర్చిన మాట ఎంత చిన్నదైనను పేజీలో చర్చింపరాదు.

బాలల నాటికల క్రింద యూట్యూబులో కామెంట్లు లేవేమని కొందరు అడుగుచున్నారు. 2019లో ఆ సంస్థ మైనరు పిల్లలు కన్పించు వీడియోలలో చాలవానికి వ్యాఖ్యలను నిలిపివేసినది. 2020 జనవరినుండి పిల్లలకొరకని గుర్తించిన వీడియోలకు వ్యాఖ్యలే లేవు. పిల్లల మేలుకోరి చేసినది గనుక, అచ్చట శూన్యము కన్పించినందుకు చింత వలదు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ 18 ఏండ్లు నిండని పిల్లల సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెనని చెప్పినది. పాఠశాల ఇంటింటికి పంపిన సమ్మతి పత్రము ఇందులకే. వలదన్నవారి బిడ్డను వీడియోలో చూపము. అందువలన ఆ బిడ్డకు నాటికలో వేషము తగ్గదు.

అంకెలను పెంచు అడ్డదారులు ఉన్నవి. రొక్కమిచ్చి ఫాలోయర్లను కొనవచ్చును. 2018 జూలైలో ట్విట్టరు సంస్థ, అనుమానముతో తాళము వేసిన ఖాతాలను లెక్కలనుండి తొలగించినప్పుడు ప్రపంచ ప్రసిద్ధులు పలువురి ఫాలోయర్ల సంఖ్య రాత్రికి రాత్రి తగ్గిపోయినది. కొన్న జనము కూలికి వచ్చిన ఊరేగింపు వంటిది. మన తల్లిదండ్రులు చేయునది అంతటి దోషము కాదు గాని, గ్రూపులో "అందరూ వెంటనే లైకు కొట్టండి, పదిమందికి పంపండి" అను కేకలు అప్పుడప్పుడు వినబడుచున్నవి. అట్లు లైకులను యాచించు ప్రకటనలను వెనుకకు నెట్టుదుమని ఫేస్‌బుక్కు 2017 డిసెంబరులోనే ప్రకటించినది. అది యట్లుండ, మనకే నష్టము కలదు. చూడకయే కొట్టిన లైకువలన ఏది నచ్చినది, ఏది నచ్చలేదు అని తెలియు దారి మూసికొనిపోవును. చార్లెస్ గుడ్‌హార్ట్ అను బ్రిటిషు ఆర్థిక శాస్త్రజ్ఞుడు 1975లో ద్రవ్యవిధానమును గూర్చి చేసిన పరిశీలన ఒకటి పిమ్మట ఆయన పేరిట సూత్రమైనది. కొలబద్దనే గురిగా చేసికొనిన పిమ్మట అది కొలబద్దగా పనికిరాదని దాని సారము. పరీక్షకు రాగల పది ప్రశ్నలనే బట్టీ పట్టించు చదువును ఎరిగినవారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. బాగుగా నున్నచో బాగున్నదనుడు. పద్యము తప్పు చదివినచో తప్పని వ్రాయుడు. వీడియో నచ్చక మధ్యలో ఆపినచో ఆపితిమని చెప్పుడు. మాకు ఉపకరించునది అదియే.

పాఠశాల కార్యాలయమున ఈ సంవత్సరమునుండి ఒక రిజిస్టరు పెట్టితిమి. పేజీలోగాని, ఫోనులోగాని, గేటువద్దగాని వచ్చిన ప్రతి ప్రశ్నయు అందులోనికెక్కును. తేదీ, ఊరు, అడిగిన విషయము, బదులిచ్చినవారు, ఎన్ని గంటలలో ఇచ్చిరి, పిమ్మట బడి చూచుటకు వచ్చిరా లేదా అన్నది అందుండును. నెలకొకమారు పేజీ లెక్కలను దీని ప్రక్కన బెట్టి చూచుచున్నాము. ఏ ప్రకటన వెలువడిన వారములో ప్రశ్నలు పెరిగినవో, ఏ వీడియోకు వేలకొలది వ్యూలు వచ్చియు ఒక్క ప్రశ్నయు రాలేదో రెండు పుటలు చూచిన తెలియును. తరచుగా వచ్చు ప్రశ్నయే మరుసటి వీడియోకు విషయమగుచున్నది. బస్సు దారి, తమిళ పాఠములు, ఆరవ తరగతి పిమ్మట ఎచ్చట చేర్చవలెనన్నది, ఈ మూడింటికి ముందుగా బదులు సిద్ధము చేయుచున్నాము. ఏ తల్లిదండ్రులైనను వచ్చి ఆ రిజిస్టరును చూడవచ్చును.

ప్రవేశ పత్రమున కూడ ఈసారి ఒక గడి చేర్చితిమి. "ఈ పాఠశాల సంగతి మీకు ఎట్లు తెలిసినది?" అని అందు అడిగితిమి. పేజీ చూచి వచ్చినవారు పేజీ యని, ఎదురింటివారు చెప్పగా వచ్చినవారు ఎదురింటివారని వ్రాయవచ్చును. తెలుగులోనైనను తమిళములోనైనను సరియే. వచ్చు జూన్‌లో మీ వీథినుండి ఎవరైనను ఆ పత్రము నింపుచున్నచో, ఆ గడిని ఖాళీగా విడువవలదని వారికి చెప్పగోరుచున్నాను.